దుంపల కరువులో పోయిందన్న ముత్తవ్వ 75 ఏళ్ళు బతికింది: ఒక ఫ్లెమిష్ వంశ చరిత్ర కేస్ స్టడీ

మిచిగన్లో ఉంటున్న ఒక జంట కోసం చేసిన పని ఇది. అబ్బాయిది మన గోదావరి వైపు, అమ్మాయి అమెరికన్, ఆ అమ్మాయి పూర్వీకులు బెల్జియంలోని ఫ్లాండర్స్ నుంచి వలస వెళ్ళిన ఫ్లెమిష్ వాళ్ళు. పాప పుట్టాక రెండు వైపులా వంశం రాయించి పెట్టాలనుకున్నారు. నాన్న వైపు పేర్లన్నీ తాతగారి నోటుబుక్కులోనే దొరికాయి, అమ్మ వైపు మాత్రం ఒక పాత ఉత్తరంలో రెండు ముక్కలే ఉన్నాయి: బంగాళాదుంపలన్నీ కుళ్ళిపోయిన ఏడాది మా అవ్వ తిండి లేక చనిపోయింది, అందుకే మేం ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాం. అంతే. అవ్వ పేరు ఉంది, ఊరి పేరు లేదు, ఏడాది లేదు. నేను బెల్జియంలో ఉంటూ ఇదే పని చేస్తుంటాను కాబట్టి నా దగ్గరికి వచ్చారు. మనుషుల పేర్లు, ఊరి పేరు బయట పెట్టొద్దన్నారు, అందుకని ఇక్కడ రాయట్లేదు, పశ్చిమ ఫ్లాండర్స్‌లో టీల్ట్ పట్టణానికి దగ్గర్లో ఉన్న ఒక నేతగాళ్ళ ఊరు అనుకోండి చాలు.

ఇలాంటి కేసుల్లో మొదటి పని చరిత్ర పుస్తకం తెరవడం కాదు. యూరప్‌లో దుంపల తెగులు అనగానే 1845 అని ఈ పని చేసేవాళ్ళకి తెలుసు, 1845 అనగానే ఆ కథ మొత్తం మనమే అల్లేసుకుంటాం, చివరికి ఆ మనిషి కథ కాకుండా ఆ కాలం కథ రాసి ఇచ్చేస్తాం. నేను కాలాన్ని కాసేపు పక్కన పెట్టి ముందు కాగితాల మీద మనిషిని పట్టుకుంటాను, ఆ తర్వాతే చరిత్రని తెచ్చి ఒక్కో కాగితం పక్కన పెట్టి రెండూ కలుస్తున్నాయా లేదా అని చూస్తాను.

అమెరికా వైపు నుంచి వెనక్కి రావాలి. సిటిజన్‌షిప్ కాగితాలు పెద్దగా ఉపయోగపడవు, 1906కి ముందువాటిలో చాలావరకు దేశం పేరు మాత్రమే రాసి వదిలేస్తారు, ఊరు రాయరు. కాథలిక్ కుటుంబం కాబట్టి మిచిగన్లోని చర్చి పెళ్ళి రికార్డు అడగమన్నాను, అందులో పెళ్ళికొడుకు జ్ఞానస్నానం ఏ ఊరి చర్చిలో అయిందో ఫాదర్ రాసి పెట్టాడు. స్పెల్లింగ్ తేడాగా ఉంది కానీ టీల్ట్ చుట్టుపక్కల ఊళ్ళ లిస్టు ముందు పెట్టుకుంటే అది ఒక్క ఊరికే సరిపోయింది. ఈ పెళ్ళికొడుకు ఉత్తరంలోని అవ్వకి మనవడు.

ఇక్కడ బెల్జియం రికార్డుల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ పని చేసేవాళ్ళకి ఇంత సుఖమైన దేశం తక్కువ. 1795లో ఫ్రాన్స్ ఈ ప్రాంతాన్ని కలిపేసుకుంది, ఆ మరుసటి ఏడాది నుంచే పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ చర్చి చేతిలోంచి తీసి మున్సిపాలిటీ పుస్తకాల్లోకి మార్చారు. ప్రతి పుస్తకం రెండు కాపీలు, ఒకటి ఊరి ఆఫీసులో, ఇంకొకటి జిల్లా కోర్టులో. ఈ రెండో కాపీ విలువ ఈప్ర్ అనే పట్టణం వాళ్ళని అడిగితే తెలుస్తుంది, మొదటి ప్రపంచయుద్ధంలో 1914 నవంబర్ 22న ఈప్ర్ ఆర్కైవ్స్ మొత్తం కాలిపోయాయి, ఆ వైపు కేసుల్లో మనకి దిక్కు కోర్టు కాపీలే. అన్నింటికన్నా మంచి విషయం, ఇక్కడ ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరుతోనే ఉంటారు, చనిపోయే దాకా అదే పేరు. మన రికార్డుల్లో పెళ్ళితో ఇంటిపేరు మారిపోయి ఆడమనిషి పుట్టిల్లు ఏదో దొరక్క ఎంత తిప్పలు పడతామో తెలిసినవాళ్ళకి ఇది ఎంత సాయమో అర్థమవుతుంది. స్కాన్లు చాలావరకు స్టేట్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో రిజిస్టర్ చేసుకుంటే ఫ్రీగానే చూడొచ్చు. పుట్టుక రికార్డులు 100 ఏళ్ళు, పెళ్ళివి 75, చావువి 50 ఏళ్ళు దాటితే ఎవరైనా చూడొచ్చు.

సరే, మనవడి పుట్టుక దొరికింది, దాంట్లో తల్లి పేరు, తల్లి పేరుతో ఆమె పెళ్ళి, 1862. ఉత్తరంలోని కథ అక్కడే తేలిపోయింది. పెళ్ళి రికార్డులో పెళ్ళికూతురి తండ్రి 1847లో ఇదే ఊళ్ళో చనిపోయాడని తేదీతో సహా ఉంది, ఆ పక్కనే తల్లి పేరు, వయసు, వృత్తి రాసి, ఆమె ఇక్కడే హాజరై పెళ్ళికి ఒప్పుకుంటోంది అని ఉంది. అంటే దుంపల కరువులో చనిపోయిందని అమెరికాలో చెప్పుకుంటున్న మనిషి, కరువు అయిపోయిన పదిహేనేళ్ళకి కూతురి పెళ్ళిలో ఆఫీసర్ ముందు నిలబడి ఉంది. కింద సంతకాల దగ్గర ఆమెకి రాయడం రాదని రాశారు. అక్కణ్ణుంచి ముందుకి వెతుక్కుంటూ వెళ్తే ఆవిడ చావు రికార్డు 1886లో దొరికింది, 75 ఏళ్ళకి.

ఇంత పెద్ద తేడా వచ్చినప్పుడు ఇద్దరు మనుషుల్ని కలిపేస్తున్నానేమో అన్న అనుమానం రావాలి. ఆ ఊళ్ళో అదే పేరు, అదే ఇంటిపేరుతో ఇంకో ఆడమనిషి నిజంగానే ఉంది, వయసులో నాలుగేళ్ళే తేడా, ఆమెదీ వడికే పనే. వీళ్ళిద్దర్నీ విడదీయడానికి పనికొచ్చింది పెళ్ళి ఫైలు. పెళ్ళికి జతచేసే కాగితాలు విడిగా ఒక కట్టలో ఉంటాయి, చాలామంది వాటి జోలికి పోరు, నాకైతే పెళ్ళి రికార్డు కన్నా ఆ కట్టే ముఖ్యం. 1834లో ఆవిడ పెళ్ళి ఫైల్లో ఆవిడ పుట్టుక కాపీ, తల్లి చావు కాపీ, పెళ్ళికొడుకు సైన్యం సర్టిఫికెట్, బీదవాళ్ళు కాబట్టి ఫీజు మాఫీ చేయమని మేయర్ ఇచ్చిన కాగితం ఉన్నాయి. తల్లి పేరు తేలిపోగానే ఆ రెండో ఆమె వేరే కుటుంబం అని తేలిపోయింది. పిల్లల జ్ఞానస్నానం పుస్తకాల్లో జ్ఞానతండ్రులుగా (గాడ్‌ఫాదర్లుగా) ఉన్నవాళ్ళు కూడా ఈవిడ అన్నదమ్ములే, కాబట్టి అనుమానం లేదు.

ఇప్పుడు కాలాన్ని తెచ్చి పక్కన పెట్టొచ్చు.

ఆవిడ పుట్టింది 1811 ఫిబ్రవరిలో, అప్పుడు ఆ ఊరు నెపోలియన్ సామ్రాజ్యంలో లీస్ అనే జిల్లా కింద ఉంది, జిల్లా కేంద్రం బ్రూజ్. పుట్టుక రికార్డు మొత్తం ఫ్రెంచ్‌లో ఉంది, చెప్పిన తండ్రికి ఫ్రెంచ్ రాదు, రాసింది చదివి వినిపించాం అని ఉంది కింద. అప్పటి చట్టం ప్రకారం పుట్టిన మూడు రోజుల్లోపు బిడ్డని తీసుకొచ్చి ఆఫీసర్‌కి చూపించాలి, అంటే ఒక నేతగాడు రోజుల బిడ్డని గుడ్డలో చుట్టుకుని ఫిబ్రవరి చలిలో మేయర్ దగ్గరికి నడిచాడు. వాటర్‌లూ యుద్ధం నాటికి ఆవిడకి నాలుగేళ్ళు, అప్పటికే ఊరు డచ్ రాజు విలియం కిందకి వెళ్ళిపోయింది. 1830లో బెల్జియం విడిపోయి సొంత దేశం అయ్యేసరికి పంతొమ్మిదేళ్ళు. ఊరు కదలకుండానే మూడు రాజ్యాలు చూసింది. ఇది రిపోర్టులో రాస్తే కుటుంబానికి చాలా నచ్చింది, కానీ నిజం చెప్పాలంటే ఆవిడ రోజువారీ బతుకు మీద రాజ్యాలు మారడం కన్నా ఇంగ్లండులో ఒక మిషన్ రావడం ఎక్కువ దెబ్బ కొట్టింది.

ఆ ఊళ్ళ బతుకంతా అవిసె నార. పొలంలో అవిసె వేస్తారు, కోసి నీళ్ళలో నానబెడతారు, కోర్ట్‌రైక్ పట్టణం దగ్గర లేయ నది దీనికే పేరు, నార తీసి ఆడవాళ్ళు ఇంట్లో రాట్నం మీద వడుకుతారు, మగవాళ్ళు అదే ఇంట్లో ఇంకో మూల మగ్గం మీద నేస్తారు, వారం సంతకి బట్ట తీసుకెళ్ళి అమ్ముతారు. పక్కనే చారెడు నేల, అందులో దుంపలు, రై ధాన్యం. 1840 నాటికి బెల్జియంలో ఇలా అవిసె నార పని మీద బతికేవాళ్ళు రెండున్నర లక్షలకి పైనే, అందులో ఎక్కువమంది వడికే ఆడవాళ్ళే. ఇంగ్లండులో మిషన్ల మీద తీసిన నూలు చవగ్గా వచ్చి పడింది, 1838లో ఇక్కడి గెంట్ పట్టణంలో కూడా ఆవిరి యంత్రాలతో అవిసె నూలు మిల్లు పెట్టారు. మన చేనేత వాళ్ళకి మాంచెస్టర్ బట్ట ఏం చేసిందో తెలుసు కదా, ఫ్లాండర్స్ పల్లెల్లో రాట్నం పట్టుకున్న ఆడవాళ్ళకి జరిగింది అదే. కాబట్టి ఈ కేసులో కరువు 1845లో మొదలవ్వలేదు, ఆవిడ పెళ్ళయిన నాలుగైదేళ్ళ నుంచే ఆ ఇంట్లో వచ్చే డబ్బు తగ్గిపోతూ ఉంది, దుంప ఒక్కటే కడుపు నింపుతోంది.

అలాంటప్పుడు 1845 వేసవిలో తెగులు వచ్చింది. యూరప్‌లో దాన్ని మొట్టమొదట గమనించిన చోట్లలో కోర్ట్‌రైక్ పరిసరాలు ఒకటి, ఐర్లండుకి అది ఆ తర్వాత చేరింది, ఐర్లండు కరువు ప్రపంచం అంతటికీ తెలుసు, ఫ్లాండర్స్ కరువు గురించి ఫ్లెమిష్ వాళ్ళలోనే చాలామందికి తెలియదు, నాకు అది బాధగా ఉంటుంది. ఆ ఏడు బెల్జియంలో దుంప పంటలో పదిలో ఎనిమిది వంతులకి పైగా పోయింది. మరుసటి ఏడు రై పంట కూడా సగానికి పైగా దెబ్బతింది. ప్రభుత్వం ధాన్యం దిగుమతి మీద పన్ను తీసేసింది కానీ కొనడానికి చేతిలో డబ్బు ఉంటే కదా. 1847లో బలం లేని ఒళ్ళ మీద టైఫస్ అనే అంటుజ్వరం వచ్చి పడింది.

భర్త చనిపోయింది 1847 మే నెలలో, 38 ఏళ్ళకి. అదే ఏడు మార్చిలో రెండేళ్ళ పిల్లాడు, జూన్‌లో అయిదేళ్ళ పాప. కుటుంబం నన్ను అడిగిన మొదటి ప్రశ్న, వీళ్ళు కరువుతో పోయారా అని. బెల్జియం చావు రికార్డుల్లో కారణం రాయరు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని గంటలకి, ఎవరు వచ్చి చెప్పారు, అంతే. ఇక్కడే చాలా రిపోర్టులు ఒక్క గెంతు గెంతి "కరువులో టైఫస్‌తో మరణించారు" అని రాసేస్తాయి. నేను ఏం చేశానంటే 1841 నుంచి 1850 దాకా ఆ ఊరి చావు పుస్తకాలన్నీ తెరిచి నెలవారీగా లెక్క కట్టాను. ఊరు చిన్నది కాబట్టి అయ్యే పనే. మామూలు ఏళ్ళలో చావులు ఎక్కువగా చలికాలంలో ఉంటాయి, పసిపిల్లలు, ముసలివాళ్ళు. 1847లో లెక్క మామూలు ఏడాదికి రెట్టింపు దాటిపోయింది, పైగా ఎక్కువ చావులు ఏప్రిల్ నుంచి జూలై మధ్యలో ఉన్నాయి, పోయినవాళ్ళలో ముప్పై, నలభై ఏళ్ళ మగవాళ్ళు, ఆడవాళ్ళు వరసగా ఉన్నారు. ఒకే ఇంట్లోంచి వారాల తేడాతో ఇద్దరు, ముగ్గురు. ఇది అంటుజ్వరం తీరు. కాబట్టి భర్త విషయంలో "టైఫస్ అయ్యుండటానికి బలమైన ఆధారం ఉంది" అని రాశాను, పిల్లాడి విషయంలో "ఆ కరువు ఏడాదిలో" అని మాత్రమే రాశాను, ఎందుకంటే రెండేళ్ళ పిల్లాడు మార్చి నెలలో మామూలు ఏడాదిలో కూడా పోవచ్చు.

ఆ పుస్తకంలో ఒక విషయం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ ఇంటి మూడు చావులకీ ఆఫీసుకి వచ్చి చెప్పిన ఇద్దరిలో ఒకడు ఒకే మనిషి, పక్కింటి నేతగాడు, రాయడం వచ్చినవాడు, మూడు చోట్లా అతని సంతకం ఉంది. జూలైలో అతని చావు కూడా అదే పుస్తకంలో ఉంది. సాక్షుల పేర్లు వదిలేసేవాళ్ళు చాలామంది, దయచేసి వదలకండి, పక్కిళ్ళలో ఎవరున్నారు, కష్టంలో ఎవరు నిలబడ్డారు అన్నది వేరే ఎక్కడా దొరకదు.

మరి చేతిలో ముగ్గురు పిల్లలతో ఆవిడ ఎలా బతికింది? 1846 అక్టోబర్ 15న బెల్జియంలో మొదటి జాతీయ జనాభా లెక్కలు జరిగాయి, దాని వెనక ఉన్నది అడాల్ఫ్ కెట్లె అనే గణిత శాస్త్రవేత్త, సరిగ్గా కరువు నడుమ జరిగిన లెక్క అది. దాన్ని బట్టే ఊళ్ళల్లో జనాభా రిజిస్టర్లు పెట్టారు, ఇల్లు వారీగా ఎవరెవరు ఉన్నారు, ఏం పని, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు అన్నీ. ఆ ఇంటి పేజీలో భర్త నేతగాడు, ఆవిడ వడికేది అని ఉంది, తర్వాత భర్త పేరు, ఇద్దరు పిల్లల పేర్లు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. వడికేది అని ఉంది కదా అని పని ఉందనుకోకూడదు, అప్పటికి ఆ పనికి వచ్చే డబ్బుతో రోజుకి రొట్టె కూడా వచ్చేది కాదు. అసలు జవాబు ఊరి బీదల నిధి లెక్కల్లో ఉంది. 1847, 48 శీతాకాలాల్లో ఆవిడ పేరు మీద రై రొట్టె, కొంచెం బొగ్గు ఇచ్చినట్టు రాశారు.

ఆ రొట్టె కూడా తేలిగ్గా రాలేదు. 1845 ఫిబ్రవరిలో వచ్చిన చట్టం ప్రకారం బీదవాళ్ళని పోషించే బాధ్యత వాళ్ళు పుట్టిన ఊరిది, లేదంటే ఎనిమిదేళ్ళు వరసగా ఉన్న ఊరిది. భర్త పక్క ఊళ్ళో పుట్టాడు. దాంతో ఈ ఊరివాళ్ళు పక్క ఊరికి బిల్లు పంపారు, వాళ్ళు మాది కాదు అన్నారు, మేయర్ల మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ ఉత్తరాల్లోనే ఈ కుటుంబం ఆ ఇంట్లోకి ఎప్పుడు వచ్చింది, అద్దె ఎంత బాకీ ఉంది, పెద్ద కొడుకు ఎవరి పొలంలో పని చేస్తున్నాడు అన్నీ రాసి ఉన్నాయి. బీదవాళ్ళ చరిత్ర దొరకదు, వాళ్ళకి ఆస్తి లేదు కాబట్టి కాగితం లేదు అనేవాళ్ళకి నేను ఎప్పుడూ ఇదే చెప్తాను, ఎవడు డబ్బు కట్టాలి అన్న గొడవ ఉన్నచోట కాగితం కచ్చితంగా ఉంటుంది. ఇల్లు ఎవరిదో కూడా తెలిసింది. బ్రూజ్‌లో ఉండే పాప్ అనే ప్రచురణకర్త 1842 నుంచి ఊరూరికీ భూముల మ్యాపులు, యజమానుల లిస్టులు అచ్చేశాడు, రిజిస్టర్లో ఇంటి నంబరు, ఉత్తరాల్లో గుర్తులు కలిపి చూస్తే ఊరి చివర చర్చి పొలం పక్కన ఒక చిన్న చోటుకి సరిపోయింది.

ఇంకో ఆధారం కూతురు, అంటే 1862 పెళ్ళికూతురు. తండ్రి పోయేనాటికి పదేళ్ళు. రిజిస్టర్లో ఆ పిల్ల పక్కన లేసు పనిది అని రాసి ఉంది. వడికే పని పోయాక ఫ్లాండర్స్ ఊళ్ళల్లో చర్చి వాళ్ళు, సిస్టర్లు లేసు బడులు పెట్టారు, ఆరేడేళ్ళ పిల్లల్ని కూడా కూర్చోబెట్టేవాళ్ళు. మన నరసాపురం లేసు లాగా కొక్కెంతో అల్లేది కాదు, దిండు మీద గుండుసూదులు గుచ్చి, చిన్న చెక్క కండెలకి చుట్టిన దారాల్ని ఒకదాని మీద ఒకటి వేస్తూ నేసేది. చేతివేగం తగ్గకుండా పిల్లలు సూదులు లెక్కపెట్టే పాటలు పాడుకుంటూ పొద్దుగూకే దాకా చేసేవాళ్ళు. చదువు పేరుకే. ఆ పిల్ల కూడా పెళ్ళి రికార్డు కింద సంతకం పెట్టలేకపోయింది. కానీ 1848 తర్వాత బీదల నిధి లెక్కల్లో ఆవిడ పేరు తగ్గుతూ వచ్చి తర్వాత కనిపించదు, ఆ ఇంట్లో డబ్బు తెచ్చింది ఆ పిల్ల వేళ్ళు, పెద్ద కొడుకు కూలి. దీన్ని ఊహ అని కాకుండా "చాలావరకు రుజువైంది" అనే విభాగంలో పెట్టాను, తేదీలు అంత బాగా కలిశాయి.

మరి ఓడ సంగతి? మనవడు వెళ్ళింది 1888లో, రిజిస్టర్లో అతని పేరు కొట్టేసి పక్కన అమెరికా అని ఉంది. అవ్వ పోయిన రెండేళ్ళకి. అప్పటికి దుంపల తెగులు నలభై ఏళ్ళ నాటి మాట. 1880లలో ఫ్లాండర్స్‌ని దెబ్బ కొట్టింది వేరే సంగతి, రైళ్ళూ ఆవిరి ఓడలూ వచ్చి అమెరికా గోధుమ చవగ్గా దిగేసరికి ఇక్కడ ధాన్యం ధర పడిపోయింది, పొలం పనికి కూలి లేదు. అటు ఆంట్వెర్ప్ నుంచి అమెరికాకి రెడ్ స్టార్ లైన్ ఓడలు నడుస్తున్నాయి. ఒక కష్టం మనిషిని మింగింది, నలభై ఏళ్ళ తర్వాత ఇంకో కష్టం మనవణ్ణి ఓడెక్కించింది, మిచిగన్‌లో చెప్పుకుంటూ చెప్పుకుంటూ రెండూ ఒకటైపోయాయి, చనిపోయిన తాత స్థానంలోకి అవ్వ వచ్చేసింది. ఇలాంటి ఇంటి కథల్ని అబద్ధం అని కొట్టిపారేయడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. కరువు నిజం, చావులు నిజం, తెగులు నిజం. ఎవరు, ఎప్పుడు అన్నదే మారింది.

రిపోర్టు చదివాక ఆ అమ్మాయి ఫోన్ చేసి ఒకటే అడిగింది, అంత కష్టంలో కూడా ఆవిడ ముగ్గుర్ని దక్కించుకుంది కదా, మరి మా ఇంట్లో ఆవిణ్ణి ఎందుకు చంపేశారు అని. నా దగ్గర రికార్డు ఉన్న జవాబు లేదు, మనవడు ఇరవై రెండేళ్ళ వరకు అదే ఊళ్ళో ఉన్నాడు కాబట్టి అవ్వని చూసే ఉంటాడు, కథ తప్పింది అతని తర్వాతి తరంలోనే అని మాత్రం చెప్పాను.

ఇంకో కొమ్మ మిగిలి ఉంది. పెద్ద కొడుకు పేరు 1850ల్లో రిజిస్టర్లోంచి కొట్టేసి రూబే అని రాశారు. సరిహద్దు దాటగానే ఫ్రాన్స్‌లో ఉన్న బట్టల మిల్లుల ఊరు అది, ఆ రోజుల్లో ఫ్లెమిష్ పల్లెలు ఖాళీ అయి అక్కడే నిండాయి, 1870ల మొదట్లో ఆ ఊరి జనంలో సగానికి పైన బెల్జియం వాళ్ళే. రూబే రికార్డులు లీల్‌లో ఉన్న నోర్ జిల్లా ఆర్కైవ్స్ వెబ్‌సైట్లో ఫ్రీగా దొరుకుతాయి, అతని పెళ్ళి అక్కడే అయ్యిందని తేలింది, పెళ్ళి రికార్డులో తల్లి ఒప్పుకోలు నోటరీ కాగితం మీద పంపినట్టు ఉంది. ఇప్పుడు ఆ నోటరీ కాగితం అసలు కాపీ కోసం బ్రూజ్ ఆర్కైవ్స్‌కి అడిగి పెట్టాను, అది వస్తే రూబే కుటుంబాన్ని ఇవాళ్టి దాకా తీసుకురావడం మొదలుపెడతాం.